విండో మూసుకుందంటే అయిపోయినట్టే

ఐలి నీమికి బస్సు నడపడం తప్ప మరో పని రాదని ఆమె భర్త తోయ్‌వో అంటుంటాడు. అది శుద్ధ అబద్ధం. ఆమెకు యాలకుల రొట్టె జడలా అల్లి కాల్చడం వచ్చు, గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పట్టడం వచ్చు, ఎదుటివాడు నోరు పారేసుకుంటున్నా ముఖంలో గీత కదలకుండా ఊరుకోవడం వచ్చు. ఊరి బస్సు నడిపేవాళ్ళకు ఈ చివరిది లైసెన్సు కన్నా ముఖ్యం. పోర్ట్ హార్లన్‌లో సగం మంది ఆమె బస్సెక్కి బడికి పోయినవాళ్ళే, మిగతా సగం మంది ఆమెతో చిల్లర కోసం పేచీ పెట్టుకున్నవాళ్ళే. ఒక్కరి మీద కూడా ఆమె పైవాళ్ళకు ఫిర్యాదు చేసి ఎరుగదు. "పాపం, ఇంట్లో ఏం గొడవ పడి వచ్చాడో" అని గేరు మార్చేది. ఇలాంటివాళ్ళను జనం మంచివాళ్ళంటారు. ఆ పేరు తెచ్చుకున్నందుకు ఆమెకేం దక్కిందో వింటే మీకే కడుపు మండుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అందరిలాగే ఆమెకూ ముక్కలైన డ్యూటీలే పడ్డాయి. పొద్దున కాసేపు, మధ్యలో ఇంటికీ పోలేని, పనీ లేని ఖాళీ, మళ్ళీ చీకటి పడ్డాక చాలాసేపు. ఆ కంపెనీలో ఏ బండి ఎవరు నడపాలో పైవాళ్ళు నిర్ణయించరు. సీజను మారినప్పుడల్లా డ్రైవర్లే ఎంచుకుంటారు. దాన్ని పిక్ అంటారు. అందరికన్నా ముందు చేరినవాళ్ళది మొదటి పిక్, తరవాత వాళ్ళ వెనకవాళ్ళది, అలా కిందికి. ఎంచుకోకుండా ఊరుకున్నవాళ్ళకు చివర మిగిలిందే గతి. చివర మిగిలేది ఏ ఏడాదైనా ఒకటే, రాత్రి బండి.

డ్రైవర్ల గదిలో గోడ నిండా ఒక బోర్డు ఉండేది. పిక్ రోజున ఒక్కొక్కరూ తమ పేరున్న అయస్కాంతం బిళ్ళ పట్టుకుని లోపలికి వెళ్ళి, కావలసిన బండి పక్కన అతికించి, బయటికి వచ్చేసేవాళ్ళు. అతికించాక వెనక్కి తిరిగి బోర్డు వైపు చూడకూడదు. పిక్ మొత్తం ముగిసేదాకా మళ్ళీ ఆ గదిలో అడుగు పెట్టకూడదు. ఇది ఏ కాగితం మీదా లేదు. వెనకవాళ్ళు ఏం తీసుకుంటున్నారో ముందువాళ్ళు నిలబడి చూస్తుంటే వాళ్ళకు చెయ్యి ఆడదని, ఎప్పటి డ్రైవర్లో పెట్టుకున్న మర్యాద. దాన్ని తప్పినవాడితో ఎవరూ కాఫీ తాగరు. గదిలో ఉండిపోయేది యూనియన్ ప్రతినిధి ఒక్కడే. బిళ్ళ అతుక్కోగానే అతను "పడింది" అంటాడు. ఆ ఒక్క మాట పట్టుకుని అందరూ నిశ్చింతగా ఇంటికి పోతారు.

ఆ మాట అనే పని చాలా ఏళ్ళుగా గార్నెట్ ప్రూది.

గార్నెట్, ఐలి ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. అలా ఒకే రోజు చేరిన ఇద్దరిలో ముందెవరో వెనకెవరో తేల్చడానికి అక్కడ చెరో పేకముక్క తీయిస్తారు. ఐలికి రాణి వచ్చింది, గార్నెట్‌కు జాకీ వచ్చింది. ఆ ఒక్క ముక్కతో అతను ఉద్యోగం పొడవునా ఆమెకు ఒక మెట్టు కిందే ఉండిపోయాడు. ఆమె వదిలిన వాటిలోంచే అతను ఏరుకోవాలి. ఈ సంగతిని అతనెప్పుడూ నవ్వులాటగానే చెప్పేవాడు.

"మా ఆవిడ మొహం కన్నా నేనెక్కువ చూసింది ఐలి వీపునే" అనేవాడు కొత్తగా చేరిన పిల్లలతో.

"అంతగా చూశావుగా, ఆ వీపుకో కొత్త కోటు కొనిపెట్టొచ్చుగా" అనేది ఐలి.

"కొత్త కోటేస్తే నువ్వేనని గుర్తుపట్టలేక ఇంకో ఆడదాని వెనక నిలబడతాను. అప్పుడు మా ఆవిడతో నువ్వే చెప్పుకోవాలి."

గార్నెట్ నడుం పట్టేసి మంచాన పడ్డ శీతాకాలంలో అతని ఇంటి ముందు మంచు తోసింది తోయ్‌వో. గిన్నెలో చేపల సూపు పోసుకుని, మూత మీద తువ్వాలు చుట్టి, బస్సులో పట్టుకెళ్ళి ఇచ్చింది ఐలి. తోయ్‌వో పనిచేసే కాగితం మిల్లు మూతపడినప్పుడు, పడవ ఇంజన్లు బాగుచేసే కొట్టు పెట్టుకోమని చెప్పి మొదటి ఇంజను తెచ్చి ఇచ్చింది గార్నెట్. ఇలాంటివి లెక్క పెట్టుకోని స్నేహం వాళ్ళది. ఏ చిక్కొచ్చినా తోయ్‌వో నోట వచ్చే సలహా కూడా ఒకటే, "గార్నెట్‌కి ఫోను చెయ్యి."

పోయిన వసంతంలో ఐలి కళ్ళకు ఏదో అయింది. పగలంతా బాగానే ఉండేది. చీకటి పడితే మాత్రం ఎదురొచ్చే కార్ల దీపాలు చెదిరిపోయి, అద్దం నిండా వెలుగు పరుచుకుని, రోడ్డు అంచు ఎక్కడుందో తెలిసేది కాదు. ఒకరోజు సాయంత్రం స్టాపులో నిలబడ్డ ముసలాయన్ని చాలా దగ్గరికొచ్చేదాకా చూడలేదు. మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. శుక్లాలన్నాడు ఆయన. పగలు నడపడానికి ఏ ఇబ్బందీ లేదనీ, చీకట్లో మాత్రం స్టీరింగు ముట్టుకోవద్దనీ, ఆపరేషనుకు వరసలో పేరు రాస్తే పై ఏడాది వేసవికి వంతు వస్తుందనీ చెప్పాడు. వేసవి సాయంత్రాలు అక్కడ వెలుగుంటుంది కాబట్టి ఆ కాసిని నెలలూ గడిచిపోయాయి. ఇక చలికాలం సంగతి.

చీకట్లో నడపలేనని కంపెనీకి చెబితే వాళ్ళు పగటి బండి ఇవ్వరు. అసలు బండే ఇవ్వరు. దింపేసి బస్సులు కడిగే షెడ్డుకు పంపుతారు. కళ్ళు బాగయ్యాయని కాగితం తెచ్చినా కంపెనీ డాక్టరు ఇంకో పరీక్ష, ఇంకో పరీక్ష అంటూ తిప్పుతాడు. అలా దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కడం ఐలి ఎన్నడూ చూడలేదు. ఆమె సీటులోంచి దిగితే ఇక దిగడమే.

అయితే అదృష్టం కూడా అప్పుడే కలిసొచ్చింది. ఆమె కన్నా ముందున్నవాళ్ళు ఆ వేసవిలో రిటైరయ్యారు. పిక్ వరసలో ఇప్పుడు ఐలిదే మొదటి పేరు. పద్నాలుగో నంబరు పగటి బండి పొద్దు బాగా పొడిచాక బయల్దేరి, డిసెంబరులో కూడా చీకటి పడకముందే షెడ్డుకు వచ్చేస్తుంది. అది తీసుకుంటే డాక్టరు మాట దాటినట్టూ కాదు, కంపెనీకి అబద్ధం చెప్పినట్టూ కాదు. ఒక్క చలికాలం గడిస్తే చాలు.

ఈ మాట ఆమె తోయ్‌వో కన్నా ముందు గార్నెట్‌కు చెప్పింది. సరస్సు ఒడ్డున ఆఖరి స్టాపులో బస్సులు పక్కపక్కన ఆపుకుని, ఒకే ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటున్నారు.

"గార్నీ, ఒకటి చెప్తాను. నీ కడుపులోనే ఉండాలి."

"నా కడుపు చూడు, ఎన్ని పట్టవు అందులో."

చెప్పింది. అతని ముఖంలో నవ్వు పోయింది. కప్పు బస్సు మెట్టు మీద పెట్టి కాసేపు సరస్సు వైపు చూశాడు.

"ఇందులో భయపడ్డానికేముంది. నీ ముందు ఎవరూ లేరిప్పుడు. పద్నాలుగు నీదే. చలికాలం పోతుంది, కళ్ళు బాగవుతాయి. నువ్వు నాకేం చెప్పలేదు, నేనేం వినలేదు."

"పద్నాలుగంటే నీకూ ఇష్టమే కదా."

"నాకిష్టమైనవి చాలా ఉన్నాయిలే పిల్లా. నీ తరవాత మిగిలింది తినడం నాకు అలవాటే."

ఆ రోజు ఐలి బస్సు తిప్పుకుని వస్తూ ఏడ్చింది. దిగులుతో కాదు. మోస్తున్నది ఇంకొకరు కూడా పట్టుకుంటే వచ్చే ఏడుపు అది.

ఆ ఏడాదే కంపెనీ బోర్డు పీకేసింది. పిక్ ఇకనుంచి కంప్యూటర్లో అన్నారు. కంపెనీలో పనిచేసే నీల్ అచెసన్ అనే కుర్రాడు దాన్ని తయారుచేశాడు. యూనియన్ తరఫున అతని పక్కన కూర్చుని నేర్చుకున్నది గార్నెట్. తరవాత డ్రైవర్ల గదిలో అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"మీ వంతు రాగానే ఈ మూల కంప్యూటరు దగ్గర కూర్చుని మీ పేరు మీద నొక్కండి. చిన్న విండో ఒకటి తెరుచుకుంటుంది. అందులో ఫారం ఉంటుంది. బండి ఎంచుకోండి, కింద సబ్మిట్ అని ఉంటుంది, నొక్కండి. విండో దానంతటదే మూసుకుంటుంది."

"మూసుకుంటే?" అంది డోలరెస్. ఐలి కన్నా చాలా వెనక చేరిన డ్రైవరు, ఏదీ ఊరికే నమ్మని మనిషి.

"మూసుకుందంటే అయిపోయినట్టే. ఇన్నాళ్ళూ 'పడింది, పడింది' అని నా నోరు అరిగిపోయింది. ఇప్పుడా పని అది చేస్తుంది."

"జీతం కూడా దానికే ఇచ్చేద్దామా మరి" అని వెనకనుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు.

పిక్ రోజున ఐలి రెండు పళ్ళాల నిండా యాలకుల రొట్టె తెచ్చింది. మొదటి వంతు ఆమెదే కాబట్టి నలుగురికీ తీపి పెట్టాలని. కంప్యూటరు ముందు కూర్చుంది. గార్నెట్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చిన్న విండో తెరుచుకుంది. ఆమె పద్నాలుగు ఎంచుకుని, సరిగ్గా అదేనా అని ముక్కు ఆనేంత దగ్గరగా చూసి, సబ్మిట్ నొక్కింది. విండో చటుక్కున మూసుకుంది.

"అయిపోయిందా?"

"మూసుకుందిగా" అన్నాడు గార్నెట్.

"ఇంతేనా? బిళ్ళ అతికించిన తృప్తి లేదు దీన్లో."

"తృప్తి కావాలంటే రొట్టె తిను. లే, తరవాత వంతు నాది."

ఆమె లేచి, రొట్టె పళ్ళెం కాఫీ యంత్రం పక్కన పెట్టి, ఇన్నేళ్ళూ చేసినట్టే వెనక్కి చూడకుండా బయటికి నడిచింది. ఆ పేజీ ఇంట్లో ఫోనులో కూడా తెరవొచ్చు. ఆమె తెరవలేదు. వెనకవాళ్ళు ఎంచుకుంటుండగా తొంగిచూడడం ఆమె పద్ధతి కాదు. బోర్డు పోయింది గాని ఆమెలో మర్యాద పోలేదు. ఆమెను దెబ్బ తీసింది ఆ మర్యాదే అని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

పిక్ ముగిశాక గోడకు అంటించిన పట్టికలో పద్నాలుగో నంబరు పక్కన గార్నెట్ ప్రూ అని ఉంది. ఐలి తన పేరు కోసం పైనుంచి కిందికి వెతికింది. ఆఖరున దొరికింది, రాత్రి బండి పక్కన.

ఆమెకు మొదట కోపం రాలేదు. షెడ్డులో గార్నెట్‌ను వెతికి పట్టుకుంది. అతను పట్టిక చూడనట్టే కళ్ళు పెద్దవి చేశాడు.

"నీకు పడలేదా? అదేంటి? నా వంతు వచ్చేసరికి పద్నాలుగు ఖాళీగా ఉంది. నువ్వు మనసు మార్చుకున్నావేమో అనుకున్నాను."

"నా పక్కనే కూర్చున్నావుగా గార్నీ. నేను నొక్కింది చూశావుగా."

"నా కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో నాకే తెలీదు, నీ వేలెక్కడ చూస్తాను. మిషను తిక్క ఇది. నువ్వేం మాట్లాడకు. నేను పైవాళ్ళతో తేల్చుకుంటా. తొందరపడి ఎవరితోనూ అనకు."

ఆమె నమ్మింది. ఇంటికి వెళ్ళి చెబితే తోయ్‌వో కూడా, "గార్నెట్ చూసుకుంటానన్నాడుగా" అని మళ్ళీ ఇంజనులోకి తల దూర్చాడు. రోజులు గడిచాయి. కొత్త షెడ్యూలు మొదలయ్యే వారం దగ్గరికొచ్చింది. గార్నెట్‌ను అడిగినప్పుడల్లా, "మాట్లాడుతున్నా" అనేవాడు. ఎవరితో అని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

చివరికి ఆమే నీల్ దగ్గరికి వెళ్ళింది, గార్నెట్‌కు సాయంగా ఉంటుందని. పొరపాటు ఎక్కడ జరిగిందో కనుక్కుని ఒక మాట చెబితే, అతను పైవాళ్ళతో గట్టిగా అడగొచ్చని ఆమె ఆలోచన. నీల్ ఆమె చెప్పినదంతా విని ఎర్రబడ్డాడు.

"తప్పు నాదే ఐలి గారూ. సబ్మిట్ నొక్కితే రెండు పనులు జరగాలి. ఫారం ఇక్కడికి రావాలి, విండో మూసుకోవాలి. ఫారం అందిందని ఇక్కణ్ణుంచి జవాబు వచ్చాక మూసుకోమని రాయాలి. నేను జవాబు కోసం ఆగకుండా మూసేయమని రాశాను. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు ఫారం ఇంకా గడప దాటకముందే విండో మూసుకుపోతుంది. మూసుకుంటే అందులోది కూడా పోయినట్టే. ప్రతిసారీ కాదు, ఒక్కోసారి."

"మరి విండో మూసుకుందంటే అయిపోయినట్టే అన్నారుగా."

"మొదట అలాగే అనుకున్నాం. మీకు నేర్పాక, పిక్‌కి ముందు నేనూ గార్నెట్ గారూ మళ్ళీ ఒకసారి చేసి చూసినప్పుడు బయటపడింది. నిజానికి కనిపెట్టింది గార్నెట్ గారే. ఆయన ఫారమే రాలేదు. సరిచేస్తానంటే పైవాళ్ళు తేదీ మార్చడానికి వీల్లేదన్నారు. అందుకని, మూసుకున్నాక పేజీ మళ్ళీ తెరిచి మీ పేరు పక్కన బండి నంబరు కనిపిస్తోందో లేదో చూసుకోమని అందరికీ చెప్పమన్నాను. అందరికీ తానే చెప్తానన్నారాయన." నీల్ ఆగాడు. "మీకు చెప్పలేదా?"

ఐలి తలుపు వైపు తిరిగింది. మరిచిపోయి ఉంటాడనుకుంది. గార్నెట్ మతిమరుపు ఊరందరికీ తెలిసిందే, ఫ్లాస్కు మూత రోజుకోచోట పెట్టేవాడు. మెట్లు దిగుతూ అతని తరఫున తనకు తానే సర్దిచెప్పుకుంది. మరిచిపోయినవాడు ఇప్పుడు చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు, అంతే అనుకుంది. ఇంకెవరైనా తనలాగే ఇరుక్కున్నారేమో కనుక్కుందామని డ్రైవర్ల గదిలోకి వెళ్ళింది. డోలరెస్ ఒక్కతే బల్ల దగ్గర కూర్చుని సూపు తాగుతోంది.

"డోలరెస్, పిక్ రోజు నీ విండో మూసుకున్నాక ఏం చేశావు?"

"ఏం చేస్తాను, మళ్ళీ తెరిచి చూశాను. నాది మొదటిసారి పోలేదు కూడా. మళ్ళీ పంపాను. గార్నెట్ చెప్పబట్టి సరిపోయింది."

"నీకు చెప్పాడా?"

"నాకేంటి, అందరికీ చెప్పాడుగా. ఒక్కొక్కళ్ళనీ పక్కకి పిలిచి మరీ చెప్పాడు. సెలవులో ఉన్నవాళ్ళకి ఫోన్లు కూడా చేశాడు పాపం." డోలరెస్ చెంచా ఆపింది. "నీకు అందరికన్నా ముందే చెప్పానన్నాడే. పట్టికలో నిన్ను రాత్రి బండి దగ్గర చూసి, ఏదో కారణముండి నువ్వే తీసుకున్నావనుకున్నాం. అడగడం బాగోదని ఊరుకున్నాం."

ఐలి కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది. సెలవులో ఉన్నవాళ్ళకు కూడా ఫోను చేశాడు. తన పక్కన, భుజం తగిలేంత దగ్గరగా కూర్చుని, నోరు మాత్రం విప్పలేదు. మరిచిపోయినవాడు అందరికన్నా ముందే చెప్పానని ఎందుకంటాడు?

"ఏమైంది? మొహం అలా అయిపోయిందేం?" అంది డోలరెస్.

"ఏం లేదు. సూపు చల్లారిపోతుంది, తాగు."

ఆఖరి స్టాపులో గార్నెట్ బస్సు మెట్ల మీద కూర్చుని కాఫీ పోసుకుంటున్నాడు. ఆమె కోసం రెండో కప్పు పక్కన పెట్టాడు. ఆమె కూర్చోలేదు.

"అందరికీ చెప్పావు. నాకెందుకు చెప్పలేదు?"

అతను కప్పు వైపు చూశాడు. "ఏది?"

"గార్నీ, నన్ను ఇంకా పిచ్చిదాన్ని చెయ్యకు."

అతను ఫ్లాస్కు మూత బిగించాడు. చివరికి అన్నాడు, "చెప్దామనే అనుకున్నాను. రోజూ అనుకున్నాను. నీది పోతుందని నాకేం తెలుసు? ఒక్కోసారే కదా పోయేది. నువ్వు లేచి వెళ్ళాక నా పేరు నొక్కి చూస్తే పద్నాలుగు ఖాళీగా ఉంది. నా కళ్ళను నేనే నమ్మలేదు."

"నేనింకా పార్కింగులోనే ఉన్నాను. కేకేస్తే వినిపిస్తుంది."

"వినిపిస్తుంది."

"కిటికీలోంచి చూస్తే కనిపిస్తాను కూడా."

"కనిపించావు." అతను మోకాలు రుద్దుకున్నాడు. "నువ్వు ఒక్కసారి కూడా నా చోట నిలబడలేదు ఐలీ. ఒకే రోజు చేరాం. ఒక పేకముక్క. దాంతో ప్రతి చలికాలం నువ్వు ముందు, నేను వెనక. నువ్వెప్పుడైనా, 'గార్నీ, ఈసారి నువ్వు ముందు తీసుకో' అన్నావా? నవ్వుతూ ఉన్నాను కదాని నాకేం లేదనుకున్నావు. నాకూ మోకాళ్ళు పోతున్నాయి. నాకూ చీకట్లో ఇల్లు చేరడం విసుగేస్తోంది."

"అడిగితే ఇచ్చేదాన్ని. ఏ ఏడాదైనా ఇచ్చేదాన్ని. ఈ ఒక్క ఏడాది తప్ప. ఈ ఏడాది ఎందుకు ఇవ్వలేనో ఇక్కడ నీకొక్కడికే తెలుసు."

అతను తల దించుకున్నాడు. తరవాత ఎత్తినప్పుడు ముఖంలో వేరే మనిషి ఉన్నాడు, మీటింగుల్లో బేరమాడే మనిషి.

"చూడు, దీన్ని పెద్దది చెయ్యకు. షెడ్యూలు చూసే అతను నా మాట వింటాడు. నీ రాత్రి బండి ఎవరో ఒకరితో వారం వారం మార్పిస్తూ ఉంటాను. చలికాలం గడిపేద్దాం. నువ్వు మేనేజరుతో మీటింగు అడిగితే మాత్రం, ఆ బండే ఎందుకు కావాలని అడుగుతారు. నేను ప్రతినిధిని. నన్ను సూటిగా అడిగితే అబద్ధం చెప్పలేను."

ఆమెకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక, ఆ ఒడ్డునే, అదే బస్సు మెట్ల దగ్గర తను ఇతనికి ఏం అప్పజెప్పిందో గుర్తొచ్చింది. బండి పోతే పోయింది. ఇక చలికాలమంతా వారం వారం ఇతని దయ కోసం చూడాలి. ఇతను నోరు మూసుకున్నందుకు ప్రతి రోజూ కృతజ్ఞతగా ఉండాలి. ఇతనికి రొట్టె కూడా పెట్టాలి కాబోలు.

"ఆ కాఫీ పారబోసెయ్" అని ఆమె తన బస్సు ఎక్కింది.

మర్నాడే మీటింగు అడిగింది. మేనేజరు మోరీన్ ట్రాస్క్ గదిలో బల్లకు ఒకవైపు మోరీన్, రెండోవైపు ఐలి, ఐలి పక్కన ఆమె తరఫున మాట్లాడవలసిన యూనియన్ ప్రతినిధి. ఆ పద్ధతిలో వింతేమీ లేదన్నట్టు గార్నెట్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి కూర్చున్నాడు.

ఐలి జరిగింది జరిగినట్టు చెప్పింది. సబ్మిట్ నొక్కానని, విండో మూసుకుందని, ఫారం వెళ్ళలేదని, మళ్ళీ తెరిచి చూసుకోమన్న మాట తనకు తప్ప అందరికీ చేరిందని.

"నిజమేనా గార్నెట్?" అంది మోరీన్.

"ఆమెకు చెప్పాననే అనుకున్నాను. చాలామందికి చెప్పాలి కదా, ఎవరికి చెప్పానో ఎవరికి లేదో..."

మోరీన్ కణతలు నొక్కుకుంది. చెడ్డ మనిషేం కాదు, పని ఎక్కువై నలిగిన మనిషి. "ఐలీ, తప్పు మా వైపు ఉందని ఒప్పుకుంటాను. కాని పిక్ మళ్ళీ తెరిస్తే కిందివాళ్ళందరి బండ్లూ మారిపోతాయి. ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకునే ఏర్పాట్లు కూడా చేసుకున్నారు వాళ్ళు. చాలా బలమైన కారణం ఉంటే తప్ప నేను తెరవలేను. ఆ పద్నాలుగే ఎందుకు కావాలి నీకు? రాత్రి బండికి వచ్చిన ఇబ్బందేంటి?"

గార్నెట్ కుర్చీలో కదిలాడు. ఐలి అతని వైపు చూడలేదు. పక్కనుంచి అతను ఊపిరి తీసుకోవడం వినబడింది. మాట్లాడబోయేవాడి ఊపిరిలా ఉంది అది. అతను నోరు తెరిచేలోపే ఆమె చెప్పేసింది.

"నాకు చీకట్లో కనిపించదు. శుక్లాలు. పగలు నడపొచ్చన్నాడు డాక్టరు. వేసవికి ఆపరేషను. డాక్టరు చెప్పాక ఒక్క రోజు కూడా నేను చీకట్లో స్టీరింగు ముట్టుకోలేదు."

మోరీన్ కళ్ళు మూసుకుని తెరిచింది. తరవాత ఆమె చెప్పినదంతా ఐలికి ముందే తెలుసు. రూలు రూలేనని, తన చేతుల్లో లేదని, ఈరోజు నుంచే బండి ఇవ్వలేనని, కడిగే షెడ్డులో పగటి పని ఉందని, ఇంతకాలం ఒక్క ఫిర్యాదు లేకుండా పనిచేసిన మనిషికి ఈ మాట చెప్పవలసి వచ్చినందుకు బాధగా ఉందని. నిజంగానే బాధపడింది. ఐలి మెడలోంచి డ్రైవరు బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టింది. పద్నాలుగో నంబరు ఎవరిదనే ప్రశ్న ఇక లేనే లేదు.

ఆమె నడవాలోకి వచ్చాక గార్నెట్ వెనకే పరిగెత్తుకొచ్చాడు. మోకాళ్ళ నొప్పి కూడా మరిచిపోయినట్టున్నాడు. ముఖం పాలిపోయింది.

"ఏం పని చేశావు ఐలీ? ఎందుకు చెప్పావు? నేను చెప్పేవాణ్ణి కాదు. నీ మీద ఒట్టు, నన్ను కోసినా చెప్పేవాణ్ణి కాదు. ఆ రోజేదో ఊరికే అన్నాను."

ఐలి ఆగి అతని ముఖంలోకి చూసింది. అబద్ధం ఆడుతున్నట్టు లేడు. నిజం చెబుతున్నట్టూ లేడు. ఇన్నేళ్ళూ అతని ముఖం చూస్తే చాలు, మనసులో ఏముందో ఆమెకు తెలిసిపోయేది. ఇప్పుడు ఎంత చూసినా ఏమీ తెలియలేదు.

"అదే గార్నీ" అంది. "నువ్వు ఏది ఊరికే అంటావో, ఏది నిజంగా అంటావో నాకిక తెలీదు."